పది నిమిషాలు చల్లారాక

మూడో నెల 4, శుక్రవారం. బోర్డు 22. ముసలాయన 148.

పదహారో పుస్తకం నిన్నటితో నిండింది. ఇది పదిహేడోది. నా తర్వాత ఈ బల్ల దగ్గర ఎవరు కూచుంటారో తెలియదు. వాళ్లు మొదటి పేజీ తెరిచి తెల్లమొహం వేయకూడదని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా పేరు సరోజన. కిందూరు రెండో మట్టంలో పెడళ్ల కొట్టు నాది. పెడల్ అంటే గిటారుకూ స్పీకరుకూ మధ్య కాలికింద ఉండే ఇనప పెట్టె. తీగ మీద మీటిన శుభ్రమైన స్వరాన్ని అది చింపి, గరగరలాడించి, ఏడుపో పొలికేకో తేల్చుకోలేనట్టు చేసి వదులుతుంది. మంగళవారం మేళాలో జనం గుండెలు బాదుకుంటూ ఎగిరేది ఆ గరగర కోసమే. దాని లోపల రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. పైన ఇంకా ఊళ్లు ఉన్న కాలానికే అవి పాతసరుకట. ఎండ తట్టుకోలేక మావాళ్లు ఈ పాత గనిలోకి దిగినప్పుడు ఎవరో మహానుభావుడు ఆరు పెట్టెల నిండా మోసుకొచ్చాడు. తెచ్చుకున్న చిప్పులన్నీ ఒక్కొక్కటే చచ్చిపోయినా ఇవి మాత్రం బతికే ఉన్నాయి. ఆ పెట్టెల్లోంచి మంచివి ఏరడమే ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని.

ఏరడానికి రెండు కొలతలు. ఇచ్చిన దాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో అది గెయిన్. ఏమీ ఇవ్వకపోయినా దానంతటది కార్చుకునే కరెంటు లీకు. మీటరుకు ఈ తేడా తెలియదు, లీకును కూడా గెయిన్‌లో కలిపి చూపిస్తుంది. అందుకే పనికిమాలినది కూడా మీటరు మీద పహిల్వాన్‌లా కనిపిస్తుంది. ముందు లీకు కొలిచి తీసేయాలి. మిగిలిన గెయిన్ డెబ్బై, ఎనభై మధ్య ఉంటే పెడల్‌లో మొదటి చోటు, నూట ఇరవై దగ్గర ఉంటే రెండో చోటు. రెండింటికీ జత కుదరాలి. కుదరకపోతే గిటారు మూలుగుతుంది తప్ప పాడదు.

ముసలాయన అంటే మనిషి కాదు. రేకు డబ్బాలో పెట్టి ఒక మీటరుకు శాశ్వతంగా తగిలించిన ట్రాన్సిస్టర్. పంతొమ్మిదేళ్లుగా దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఊరు ఏడాది పొడుగునా ఇరవై రెండు డిగ్రీలే కాబట్టి ఆయన లీకు కూడా ఎప్పుడూ 148. పొద్దున్నే ఆ అంకె చూసుకుని పని మొదలుపెడతాను.

ఈరోజు విశేషం ఒకటుంది. పది గంటలకు మా తమ్ముడు ఓదెలు రొప్పుకుంటూ వచ్చాడు. వాడు గాలి ఆఫీసుకు పెద్ద. ఊరిని చల్లగా ఉంచే మిషన్లన్నీ వాడి చేతిలోనే ఉంటాయి.

“అక్కా, ఆఖరి సెన్సర్ సచ్చింది. వేడి ఎంతున్నదో మిషన్‌కు తెల్వక కూలింగ్ బంద్ పడ్డది. నీ జర్మేనియం వేడికి కదుల్తది గద, ఒకటియ్యి. ఇరవై రెండు కాడ ఎంత లీకైతదో రాసియ్యి. మిషన్ ఆ అంకె మీద నిలవడేటట్టు నేను జేసుకుంట.”

అరలోంచి ఒకటి ఏరాను. వాడు నెత్తి మీద నిలబడి “జల్దీ అక్కా, జల్దీ” అంటూనే ఉన్నాడు. మకిలి పట్టిన దాని తీగ కాళ్లను బ్లేడుతో గీకి, వేళ్లతో సాపు చేసి, మీటరుకు తగిలించి, వచ్చిన అంకె చీటీ మీద రాసిచ్చాను. 10:05కు మొదలు, 10:08కి అయిపోయింది. మూడే నిమిషాలు! ఇంకెవరైనా అయితే పూట పట్టేది. మధ్యాహ్నానికి మిషన్ మళ్లీ నడిచింది. ఇక ఊళ్లో వేడి చూపే నూట పన్నెండు బోర్డుల మీద కనబడే 22 నేను కొలిచి ఇచ్చిన మాటే. నాకు గర్వంగా ఉంది. ఉన్నదాన్ని దాచుకోవడం ఎందుకు?

మూడో నెల 13, ఆదివారం. బోర్డు 22. ముసలాయన 156.

156 ఏమిటి? బ్యాటరీ మార్చి చూశాను. 156. పంతొమ్మిదేళ్లలో రెండు అంకెలు కూడా కదలని మనిషి ఎనిమిది కదిలాడు. మీటరు స్ప్రింగు వదులైనట్టుంది. తీరిక దొరికినప్పుడు విప్పాలి.

ఆదివారం కాబట్టి దుర్గవ్వ వచ్చింది. పక్కింటావిడ, చిన్నప్పటి నేస్తం, మూడో మట్టంలో పుట్టగొడుగుల పంట చూసే మనిషి. ఊరు తినేది ఆ పంటే. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఆమె నా తలకు, నేను ఆమె తలకు నూనె రాసుకుంటాం. ఇద్దరివీ నడుము దాటే జడలు. కొబ్బరినూనె మా ఊళ్లో ఎప్పుడూ తెల్లగా గడ్డకట్టే ఉంటుంది. చెంచాతో తవ్వి అరచేతిలో కరిగించుకోవాలి. ఈరోజు చెంచా సులువుగా దిగింది.

“నూనె మెత్తగైందేందే?” అంది దుర్గవ్వ.

“కొత్త డబ్బా. ఏం కలిపిండ్రో ఏమో” అన్నాను. తీరం నుంచి ఏడాదికోసారి వచ్చే సరుకు అది. వాళ్లను తిట్టుకుంటూ ఇద్దరం జడలు వేసుకున్నాం.

మూడో నెల 19, శనివారం. బోర్డు 22. ముసలాయన 166.

మీటరు విప్పాను. స్ప్రింగు బిగుతుగానే ఉంది. ఇంకో మీటరు పెట్టి చూస్తే అదీ 166 అంది. అంటే ముసలాయనకే ఏదో జబ్బు. మనసు మనసులో లేదు.

ఆ చిరాకులో ఉండగానే రాజేశం వచ్చాడు. మేళాలో గిటారు వాయించేది అతనే. పోయిన ఏడు నేను చేసిచ్చిన పెడల్‌ను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“అక్కా, దీని గొంతు గూసున్నది. ఒక్క పాట కాంగనే తుప్పుతుప్పుమంటది. తీగ పట్టి గుంజితె సప్పుడు నడిమిట్లనే సచ్చిపోతాంది.”

“నీ తీగలు ఎప్పుడు మార్చినవ్?” అన్నాను.

“మొన్ననే.”

“అయితే నీ చెవులు మార్చుకో.”

నా పెడల్‌ను నా ముందే తప్పుపడితే నేను ఇలాగే మాట్లాడతాను. పాపం అతను నవ్వి ఊరుకున్నాడు. మాటల్లోనే నా బల్ల మీది ట్రాన్సిస్టర్ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పుతూ మీటరులో పెట్టబోయాడు. చెయ్యి మీద ఒక్కటి వేశాను. గోడ మీద నా చేత్తో రాసిన అక్షరాలు చూపించాను. ‘ముట్టుకున్నది పది నిమిషాలు చల్లారాకే కొలువు.’ వేళ్ల వేడి చాలు, లీకు అమాంతం పెరిగిపోతుంది. పది డిగ్రీల వేడికి లీకు రెండింతలు. ఇది తెలియని మనిషి ఎంత మంచి చెవి ఉన్నా ఈ పనికి పనికిరాడు.

రాజేశం పెడల్ విప్పి చూశాను. రెండు ట్రాన్సిస్టర్లూ లీకు ఎక్కువే చూపించాయి. నేను స్వయంగా ఏరి పెట్టినవే. నాకు చెమట పట్టింది.

మూడో నెల 28, సోమవారం. బోర్డు 22. ముసలాయన 182.

ఈ వారం అరవై ఏరితే పనికొచ్చినవి నాలుగు. మిగతావన్నీ కారుతున్నాయి. పోయిన ఏడాది పరీక్షించి ‘మంచిది’ అని చీటీ అంటించినవి కూడా. ఒకటి రెండు చెడిపోయాయంటే అర్థముంది. ఆరు పెట్టెలూ ఒక్కసారే చెడిపోవడమేమిటి? సరుకుకు కాలం చెల్లిందా? నాతోనే ఈ పని ఆగిపోతుందా? యాభై ఆరు పారేశాను.

నిన్న ఆదివారం దుర్గవ్వ రాలేదు. ఈరోజు నేనే మూడో మట్టానికి వెళ్లాను. పుట్టగొడుగుల బస్తాల మధ్య కూలబడి ఉంది. గుత్తుగుత్తులుగా రావలసినవి సన్నగా కాడలు సాగి వాలిపోయాయి.

“ఉడుకపోస్తాందే సరోజనా” అంది కొంగుతో మెడ తుడుచుకుంటూ. “గిది పుట్టగొడుగుల తప్పు గాదు. ఊరే ఉడుకుతాంది.”

తల ఎత్తి బోర్డు చూశాను. 22. నవ్వొచ్చింది.

“ఊరు గాదే, నీ ఒళ్లు ఉడుకుతాంది. ఏండ్లు మీదవడ్డయి. నాకు గూడ గట్లనే ఉంటాంది.”

ఆమె నవ్వలేదు. “నువ్వు గూడ గట్లనే అంటవా?” అంది.

నాలుగో నెల 9, శనివారం. బోర్డు 22. ముసలాయన 195.

ఈరోజు పని ఏమీ చేయలేదు. రాయాల్సింది మాత్రం రాయాలి.

పంట మొత్తం పోయింది. రేషన్ సగానికి కోశారు. నాలుగువేల మంది సగం కడుపుతో ఉన్నారు. ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందరికీ పెద్ద మొగిలన్న. దుర్గవ్వను మధ్యలో నిలబెట్టారు. బస్తాలకు నీళ్లు ఎక్కువ పట్టించిందని, నిర్లక్ష్యం చేసిందని ఆమె కింద పనిచేసేవాళ్లే చెప్పారు.

దుర్గవ్వ ఒక్కటే మాట అంది. “అర్రల ఉడుకున్నది. పుట్టగొడుగుకు సల్లగుండాలె. నేను నలపై ఏండ్ల సంది పెంచుతున్న, నా చేతికి తెల్వదా?”

మొగిలన్న బోర్డు వైపు వేలు చూపించాడు. “ఇరవై రెండు. కన్లవడ్తలేదా?”

“బోర్డు తప్పు.”

అందరూ నా వైపు చూశారు. ఆ బోర్డు వెనక ఉన్నది నేను ఏరిన ట్రాన్సిస్టరని ఊరందరికీ తెలుసు, నేనే చెప్పుకుని తిరిగాను కదా. ఓదెలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా పని తప్పని నా నేస్తమే నలుగురిలో అంటుందా?

“బోర్డు తప్పు కాదు. దాన్ని కొలిచింది నేను” అన్నాను.

చేతులెత్తమన్నారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మిగిలింది నేను. ఎత్తాను.

అరవై రోజులు పైగేటు. పైన యాభై ఒక్క డిగ్రీల ఎండలో సోలార్ పలకలు తుడిచే పని.

నాలుగో నెల 10, ఆదివారం. బోర్డు 22. ముసలాయన 197.

పైకి పోయేవాళ్లకు గుండు గీస్తారు. టోపీ కింద జుట్టుంటే తల ఉడికిపోతుందట. నేను వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. లిఫ్టు దగ్గర దుర్గవ్వ స్టూలు మీద కూచుంది. నేను నలభై ఏళ్లు నూనె రాసిన జడ నేల మీద పడి ఉంది. ఆమె నన్ను చూసింది. లిఫ్టు తలుపు వేసేశారు.

అన్నం సహించలేదు. నేను చేసింది న్యాయమే అని వందసార్లు అనుకున్నాను. న్యాయమే అయితే వందసార్లు ఎందుకనుకోవాలి?

నాలుగో నెల 17, ఆదివారం. బోర్డు 22. ముసలాయన 209.

ఈ పేజీ మీద నూనె మరకలున్నాయి. క్షమించాలి.

పొద్దున తల పీచులా ఉంటే నేనే నూనె పెట్టుకుందామని డబ్బా తీశాను. చెంచా దొరకలేదు. సరేలెమ్మని మూత తీసి చేత్తో తవ్వబోతూ డబ్బా వంచాను. నూనె పారింది. నీళ్లలా పారింది. నా అరచేతిలోంచి మోచేతి దాకా, మోచేతి నుంచి చీర మీదికి, చీర మీది నుంచి నేల మీదికి. నేను డబ్బా నిలబెట్టను కూడా లేదు, అది కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. యాభై ఎనిమిదేళ్ల నా జీవితంలో కొబ్బరినూనె పారడం చూడలేదు.

పైన ఎండాకాలంలో నూనె నీళ్లలా ఉండేదని మా అమ్మ చెబితే చిన్నప్పుడు నమ్మేదాన్ని కాదు. చలికాలంలో మాత్రమే గడ్డకట్టేదట. అంటే నూనెకు కావలసింది వేడి.

చీర కూడా మార్చుకోకుండా దుర్గవ్వ ఇల్లు దాటి ఆ పక్కింటికి పరిగెత్తాను. వాళ్ల డబ్బా కూడా నీళ్లే. ఆ పైయింట్లోనూ అంతే. వరుసగా తొమ్మిది ఇళ్లు తట్టాను.

“మాది కల్తీ డబ్బా అనుకున్నమక్కా. అడిగితె ఉన్నది గూడ గుంజుకపోతరని సప్పుడు జెయ్యలే” అంది ఒకావిడ.

తొమ్మిది ఇళ్లలోనూ ఇదే మాట. ఎవరికి వాళ్లు తమ డబ్బాయే పాడైందనుకున్నారు.

కొట్టుకు వచ్చి ముసలాయన ముందు కూచున్నాను. ఆయనకు జబ్బేమీ లేదు. నలభై రోజులుగా ఆయన ఒకటే మాట చెబుతున్నాడు. 148 నుంచి 209. పది డిగ్రీలకు రెండింతలు అని రాజేశానికి పాఠం చెప్పిన మనిషిని, నా లెక్క ఇప్పుడు వేసుకున్నాను. ఐదు డిగ్రీలు. ఊరు ఇరవై ఏడులో ఉంది. ఆరు పెట్టెల సరుకు చెడిపోలేదు. రాజేశం పెడల్ చెడిపోలేదు. నేను యాభై ఆరు మంచివాటిని చెత్తబుట్టలో పోశాను.

మరి బోర్డు 22 అని ఎందుకంటోంది?

ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పాను. నా రాతే. కాళ్లు గీకి, వేళ్లతో సాపు చేసి, మీటరుకు తగిలించి. 10:05. 10:08.

మూడు నిమిషాలు.

ఆ ట్రాన్సిస్టర్ నా వేళ్ల వేడితో కాలుతూ ఉండగా కొలిచాను. ఆ పెద్ద అంకెనే ‘ఇరవై రెండు’ అని రాసిచ్చాను. మిషన్ పాపం నమ్మింది. ఆ అంకె వచ్చేదాకా ఊరిని వేడెక్కనిస్తూ ఉంది. లీకు చీటీ మీది అంకె దాటనంతకాలం బోర్డు 22 అనే చూపిస్తుంది. రాతిగోడలు వేడెక్కడానికి ఇన్ని రోజులు పట్టింది, అంతే. ఊరంతా ఇప్పుడు నా వేళ్ల వేడికి దగ్గరపడుతోంది.

గోడ మీది అక్షరాలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఎదుటివాడి చెయ్యి మీద కొట్టాను. దుర్గవ్వ ఉడుకపోస్తోందంటే నవ్వాను. పైకి పంపడానికి చెయ్యెత్తాను. ఆ చెయ్యే, ఈ చెయ్యే.

నాలుగో నెల 18, సోమవారం. బోర్డు 22. ముసలాయన 210.

పొద్దున్నే గాలి ఆఫీసుకు వెళ్లి ఓదెలుకు అంతా చెప్పాను. వాడు కుర్చీలో కూచున్నవాడు లేచి, మళ్లీ కూచున్నాడు.

“అక్కా, గిది ఎవ్వరికి జెప్పకు” అన్నాడు. “సరైన అంకె రాసియ్యి. నేను మెల్లగ దించుత. నలపై యాపై రోజులల్ల ఊరు సల్లవడ్తది. ఎవ్వలకు తెల్వది.”

“దుర్గవ్వ?”

“అరవై రోజులే గదనే. అయిపోతయి. వస్తది.”

“యాభై ఒక్క డిగ్రీలల్ల అరవై రోజులురా! నా తప్పుకు!”

“నువ్వు జెప్తె రేపటి సంది బోర్డును ఎవడు నమ్ముతడు? గాలి ఆఫీసును ఎవడు నమ్ముతడు? నిన్ను ఎవడు నమ్ముతడు?”

చివరి మాట దగ్గర నేను ఒక్క నిమిషం ఆగాను. ఆగాను అని రాయడానికి సిగ్గుగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ల పేరు కదా. తర్వాత లేచి మొగిలన్న ఇంటికి వెళ్లాను.

అతను నమ్మలేదు. నూనె చూపిస్తే కల్తీ అన్నాడు. ముసలాయన గురించి చెబితే, “పాత సామాను సరోజనా, చెడిపోదా?” అన్నాడు. ఆస్పత్రి జ్వరం గొట్టాలతో చూద్దామంటే అవి ముప్పై ఐదు నుంచి మొదలవుతాయి. “బోర్డు ఇరవై రెండున్నది. కొలిచింది నువ్వేనని మొన్న నువ్వే అంటివి. మాట మీద నిలవడు” అన్నాడు. నా మాటతోనే నా నోరు మూయించాడు. తలుపు బయటికి వచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చాను. గోడ గోరువెచ్చగా ఉంది.

నాలుగో నెల 19, మంగళవారం. బోర్డు 22. ముసలాయన 211.

మేళా మొదలయ్యే ముందు రాజేశాన్ని పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. మొదట కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత, “అంటె నా చెవులు మంచియేనా?” అన్నాడు. ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది.

మేళా గదిలో ఎనిమిది వందల మంది ఉన్నారు. ముందు వరుసలో మొగిలన్న ఉన్నాడు. సగం రేషన్ ముఖాలు. నేను మైకు పట్టుకుని, ఒక పాట రెండుసార్లు వాయిస్తారని మాత్రం చెప్పాను.

మొదటిసారి వాయించాడు. అందరికీ తెలిసిన పాటే, ఊరు దిగిన రోజు పాట. పైకి సాగాల్సిన చోట పెడల్ దగ్గింది. తుప్పుతుప్పుమని చచ్చింది. జనం కదల్లేదు. నలభై రోజులుగా ఇలాగే వింటున్నారు, అలవాటైపోయింది.

ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చుకున్న మంచుగడ్డల బకెట్ వేదిక మీద పెట్టాను. పెడల్‌ను గుడ్డలో చుట్టి, రబ్బరు సంచిలో పెట్టి, బకెట్‌లో దించాను. గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకరిద్దరు కేకలు వేశారు. ఈసారి నేను తొందరపడలేదు. పూర్తిగా పది నిమిషాలు.

రాజేశం మళ్లీ మీటాడు.

ఆ స్వరం గదిని ఈ మూల నుంచి ఆ మూలకు చీల్చుకుంటూ పోయింది. గరగరలాడుతూ, సాగుతూ, ఎక్కడా తెగకుండా. వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడి, “గిదే! గిదే మన సప్పుడు!” అని అరిచింది. పాట అయ్యేదాకా ఎవరూ కూచోలేదు.

అప్పుడు చెప్పాను. “పెడల్ మారలేదు. మనిషి మారలేదు. సల్లవడ్డది, గంతే. రెండు నెలల కింద ఈ గది గింత సల్లగుండె. బోర్డు అబద్ధం జెప్తాంది. దానికి అబద్ధం నేర్పింది నేను.” మూడు నిమిషాల సంగతి, చెయ్యెత్తిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాను.

తిడతారనుకున్నాను. తిట్టడానికి ముందు జరిగింది నేను ఊహించనిది. ఒకతను మెల్లగా అన్నాడు. “నాకు నెల సంది ఉడుకపోస్తాంది. జరమేమో అనుకున్న. ఇంట్ల గూడ జెప్పలే.”

“నాకు గూడ” అంది ఇంకొకామె.

“మా పిల్లలు బండ మీద పండుతున్నరు. సాప పరిస్తె పండుతలేరు.”

ఒకరి తర్వాత ఒకరు. ఎనిమిది వందల మందీ చెమటలు కక్కుతూ ఉన్నారు, బోర్డు చూసి ఎవరి ఒంటిని వాళ్లు అనుమానించుకున్నారు. నిజం నోరు విప్పి చెప్పింది ఒక్క దుర్గవ్వ. ఆమెకు మేము గుండు గీయించాం.

మొగిలన్న తల తిప్పి బోర్డు చూశాడు. లేచి, “లిఫ్టు దించుండ్రి” అన్నాడు.

నాలుగో నెల 20, బుధవారం. బోర్డులన్నీ ఆపేశారు. ముసలాయన 211.

దుర్గవ్వ దిగింది. పది రోజుల్లోనే సగమైపోయింది. టోపీ చాలక నెత్తి అంతా కాలి బొబ్బలెక్కి తోలు ఊడుతోంది. స్ట్రెచర్ మీద నుంచి నన్ను చూసి అడిగింది.

“ఎంతున్నదే?”

“ఇరవై ఏడు.”

కళ్లు మూసుకుంది. “నేను జెప్పిన” అంది. నన్ను ఇంటికి రావద్దని కూడా చెప్పించింది.

పెద్దల్లోంచి నన్ను తీసేశారు. బల్ల మాత్రం వదలమనలేదు, ఏరడం తెలిసింది నాకొక్కదానికే. కొత్త సెన్సర్ కోసం ట్రాన్సిస్టర్‌ను మంచునీళ్లలో ఒకసారి, ముసలాయన పక్కన పెట్టి ఒకసారి, ఇద్దరు సాక్షుల ముందు కొలిచాను. రోజంతా పట్టింది.

ఆరో నెల 5, ఆదివారం. బోర్డు 22. ముసలాయన 148.

పొద్దున డబ్బా మూత తీశాను. నూనె తెల్లగా, గట్టిగా ఉంది. వంచి చూశాను. కదల్లేదు.

నలభై ఆరు రోజులుగా తొక్కని గడప తొక్కాను. దుర్గవ్వ పీట మీద కూచుని ఉంది. మూడో మట్టంలో మొదటి గుత్తులు వస్తున్నాయట, పక్కన చిన్న బుట్టలో నాలుగు ఉన్నాయి. నెత్తి మీద వెంట్రుకలు బియ్యపు గింజంత మొలిచాయి. మధ్యమధ్య కాలిన చోట మొలవనే లేదు. కింద ఎర్రటి లేత తోలు.

డబ్బా చూసింది. నన్ను చూసింది. వెళ్లిపొమ్మంటుందేమోనని నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆమె పీట మీద అటు తిరిగి కూచుంది, ప్రతి ఆదివారం కూచున్నట్టే, వీపు నా వైపు పెట్టి.

వెనక కూచున్నాను. చెంచాతో నూనె తవ్వి, అరచేతుల మధ్య గబగబా రుద్ది కరిగించి, ఆ తల మీద వేలు పెట్టాను. దుర్గవ్వ ఉలిక్కిపడి ముందుకు వంగింది.

“నీ చెయ్యి ఉడుకున్నదే. మంట వుడ్తాంది” అంది. “జరాగు, సల్లవడనీ. తొందరేమున్నది?”

చేతులు రెండూ నేల మీది బండకు ఆనించి పెట్టాను. ఆమె గోడ గడియారం వైపు చూసింది, నేనూ చూశాను. పది నిమిషాలు ఆగి, అప్పుడు రాశాను.